గోదావరి ఒడ్డున నూరేళ్ల పేపరు మిల్లు: వెదురు పోయింది, సరుగుడు వచ్చింది

(స్టూడియో చర్చకు అక్షర రూపం. పాల్గొన్నవారు: అటవీ చరిత్ర బోధించే లెక్చరర్, పల్పు (కర్ర గుజ్జు) విభాగంలో పనిచేసి రిటైరైన ఇంజినీరు, కోస్తాకు చెందిన సరుగుడు రైతు.)

వ్యాఖ్యాత: నమస్కారమండి. పేపరు మిల్లున్న ఏ ఊరివాళ్లనైనా అడగండి, ముందు వాసన గురించి చెబుతారు, ఆ తర్వాత ఉద్యోగాల గురించి. ఈరోజు మన చర్చ రాజమండ్రి మిల్లు మీద, అంటే ఇప్పటి ఆంధ్ర పేపర్ మీద. 1921లో కర్ణాటిక్ పేపర్ మిల్స్ పేరుతో మొదలైన సంస్థ ఇది. మేడమ్, దీన్ని రాజమండ్రిలోనే ఎందుకు పెట్టారు?

లెక్చరర్: పేపరుకి ప్రధానంగా నార కావాలి, నీళ్లు కావాలి. రెండూ గోదావరే తెచ్చిపెట్టింది. ఏజెన్సీలో నరికిన వెదురునీ టేకునీ తెప్పలు కట్టి వదిలితే పాపికొండలు దాటి రాజమండ్రికి వచ్చేసేవి. మిల్లు చాలాసార్లు చేతులు మారింది. 1929 ప్రాంతంలో ముక్త్యాల రాజా, మరికొందరు తీసుకుని ఆంధ్ర పేపర్ మిల్స్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత ప్రభుత్వం చేతికొచ్చింది. 1964లో మళ్లీ ప్రైవేటు. తర్వాత బంగూర్ల గ్రూపు నడిపింది. 2011లో అమెరికా కంపెనీ ఇంటర్నేషనల్ పేపర్ 53.5 శాతం వాటా కొంది. వాళ్లు అమ్మేశాక వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ వచ్చింది, 2020లో ఇప్పటి పేరు పెట్టారు. ఇదంతా ఎక్కడైనా దొరుకుతుంది. నేను చెప్పాలనుకున్నది ముడిసరుకు కథ. మిల్లు పర్యావరణ చరిత్ర అందరూ మురుగునీళ్ల పైపు దగ్గర మొదలుపెడతారు. నేనైతే అడవి దగ్గర మొదలుపెడతాను.

వ్యాఖ్యాత: అంటే వెదురు?

లెక్చరర్: వెదురే. ఇప్పటి యజమానుల సొంత మిల్లు కర్ణాటకలోని దండేలిలో, కాళీ నది ఒడ్డున ఉంది. 1958లో ఆ మిల్లుకి ఉత్తర కన్నడ అడవుల వెదురు టన్నుకి ఎంతకిచ్చారో తెలుసా? రూపాయిన్నరకి.

వ్యాఖ్యాత: టన్నుకా?

లెక్చరర్: టన్నుకే. అదే వెదురుతో బుట్టలల్లే మేదరులు బజారు ధర పెట్టి కొనాలి. 1970ల నాటికి వాళ్లకి వెదురు దొరకడమే కష్టమైంది. వాళ్లు మొరపెట్టుకుంటే 1975లో కర్ణాటక ప్రభుత్వం పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్‌ని పరిశీలించమంది. వెదురు తగ్గిపోవడానికి కారణం పల్లెవాళ్ల పశువులు, మేదరుల నరుకుడు అని అప్పటిదాకా అనుకునేవారు. గాడ్గిల్ బృందం పొదల దగ్గర కూర్చుని చూసింది. ముళ్ల వెదురు పొద మొదట్లో ముళ్ల కంప అల్లుకుని ఉంటుంది కదా? పొద బాగుపడుతుందని ఆ కంపని నరికించి శుభ్రం చేయించేది అటవీ శాఖ. కంప పోయేసరికి లేత కొమ్ములు బయటపడ్డాయి. పశువులు, కోతులు, ముళ్లపందులు తినేశాయి. కంప తీయకూడదని ఊళ్లోవాళ్లు అంతకుముందే చెప్పారు. ఎవరూ వినలేదు. పైగా మిల్లు మనుషులు అందినకాడికి నరుక్కుంటూ పోయారు.

ఇంజినీరు: మేడమ్ చెప్పింది నిజం. మేం లోపలుండి చూసింది కూడా అదే. దగ్గర అడవి అయిపోతే ఇంకా దూరం వెళ్లేవారు.

లెక్చరర్: సరుకు అంత చవగ్గా వస్తుంటే తిరిగి పెంచాలన్న ఆలోచన ఎవరికొస్తుందండి? నా కోపం మిల్లు మీద కంటే ఆ ధర వేసిన ప్రభుత్వాల మీదే ఎక్కువ. చివరికి 1988 జాతీయ అటవీ విధానం వచ్చి, పరిశ్రమలకి అడవి సరుకు రాయితీ ధరకి ఇవ్వడం ఆపాలని, కంపెనీలు రైతులతో కలిసి ముడిసరుకు పెంచుకోవాలని చెప్పింది. ఆ తర్వాతే మిల్లులు నారుమళ్లు పెట్టి, పల్పుకి పనికొచ్చే సరుగుడు, సుబాబుల్ లాంటి చెట్ల మొక్కలు కోస్తాలో పంచడం ఊపందుకుంది. అడవిలో వెదురు లెక్క కూడా తర్వాత మారింది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్నతరహా అటవీ ఉత్పత్తి అంది, అంటే దాన్ని సేకరించి అమ్ముకునే హక్కు అడవిలో బతికేవాళ్లది. 2011 ఏప్రిల్‌లో మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెంఢా లేఖా గ్రామసభ చేతికి వెదురు రవాణా పర్మిట్ పుస్తకం వచ్చింది. అదీ గోదావరి పరీవాహకమే. ఒకప్పుడు రూపాయిన్నరకి పోయిన వెదురుకి ఊరే ధర చెప్పే రోజు వచ్చింది. నాకు చాలా సంతోషమేసింది.

వ్యాఖ్యాత: అలా భారం అడవి మీంచి పొలం మీదకొచ్చింది. ఏమండీ, మీరు సరుగుడు ఎందుకు వేశారు?

రైతు: మాది ఇసక నేలండి. వరికి పనికిరాదు. మా నాన్నగారు వేరుశనగ వేసేవారు, వాన సరిగ్గా పడకపోతే విత్తనాల డబ్బులూ వచ్చేవి కావు. సరుగుడైతే మొదటి ఏడాది నీళ్లు కట్టి గడ్డి తీస్తే చాలు, తర్వాత దాని దారిన అది పెరుగుతుంది. నాలుగేళ్లకి కోత. పిల్లల చదువుకో పెళ్లికో ఒకేసారి డబ్బు చేతికొస్తుంది. తుపాను వస్తే మాత్రం టెన్షనే, తోటకి తోట పడుకుండిపోతుంది.

లెక్చరర్: ఒక్క మాట. ఇసక నేలల్లో వేస్తే నాకే అభ్యంతరమూ లేదు, నేలలో నత్రజని కూడా పెంచే చెట్టది. కానీ పండే భూముల్లో కూడా సరుగుడు, సుబాబుల్ వేసేసి ఊరొదిలి వెళ్తున్నారు. అక్కడ ఏడాది పొడవునా పని దొరికే ఆడకూలీలకి నాలుగేళ్లకోసారి కోత పని మిగులుతుంది, అదీ మగవాళ్లకే. కౌలు రైతుకి భూమే దొరకదు.

రైతు: అది కాదనను మేడమ్. మా ఊళ్లోనూ ఆ మాట ఉంది. కానీ వరిలో లాభం ఉంటే ఎవరు వదులుకుంటారు చెప్పండి?

వ్యాఖ్యాత: సార్, ఇప్పుడు నీళ్ల దగ్గరికి రండి. మిల్లు లోపల ఏం జరుగుతుంది?

ఇంజినీరు: కర్రలో సుమారు సగం సెల్యులోజు, అదే మనక్కావలసిన నార. దాన్ని జిగురులా అంటిపెట్టుకుని లిగ్నిన్ ఉంటుంది. చిప్స్‌గా కొట్టి కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపి డైజెస్టర్‌లో ఉడికిస్తే లిగ్నిన్ కరిగిపోతుంది. అలా వచ్చేదే బ్లాక్ లిక్కర్, కాటుక నీళ్లలా నల్లగా ఉంటుంది. మీరన్న వాసన అక్కడిదే, సల్ఫరుది. దాన్ని చిక్కబెట్టి రికవరీ బాయిలర్‌లో మండిస్తే ఆవిరి వస్తుంది, కెమికల్స్ కూడా చాలా వరకు తిరిగొస్తాయి. రికవరీ లేని చిన్న మిల్లులు అదంతా వాగులోకి వదిలేవి. అందుకే పెద్ద మిల్లే ఎక్కువ పాడుచేస్తుందన్న మాట నేను ఒప్పుకోను. టన్నుకి ఎంత పాడుచేసిందో చూడాలి.

వ్యాఖ్యాత: తెల్లబరచడం సంగతి?

ఇంజినీరు: అసలు పాపం అక్కడ జరిగింది. ఉడికాక పల్పు గోధుమరంగులో ఉంటుంది. దశాబ్దాల పాటు దేశమంతా క్లోరిన్ వాయువుతోనే తెల్లబరిచాం. మిగిలిన లిగ్నిన్‌తో క్లోరిన్ కలిస్తే ఆర్గానోక్లోరిన్లు పుడతాయి. వాటిలో డయాక్సిన్లనే విష పదార్థాలు ఉంటాయి, అవి చేపల కొవ్వులో పేరుకుపోతాయి. మేం వాటిని కొలవనైనా కొలవలేదు. 1999లో ఢిల్లీలోని సీఎస్ఈ అనే పర్యావరణ సంస్థ 28 మిల్లులకి పర్యావరణ రేటింగ్ ఇచ్చింది, మార్కులకి బదులు ఆకులతో. మొదట నిలిచిన ఒడిశాలోని రాయగడ మిల్లుకే ఐదాకుల్లో మూడొచ్చాయి. మొదటి ర్యాంకు పరిస్థితి అది. ఆ రిపోర్టు మా బోర్డు రూముల్లో గట్టిగానే తగిలింది. 2002లో సారపాకలోని భద్రాచలం మిల్లు దేశంలో మొదటిసారి క్లోరిన్ వాయువు మానేసి, ఆ విషాలు బాగా తక్కువగా పుట్టే క్లోరిన్ డయాక్సైడుకి మారింది. ఆ దశాబ్దంలోనే రాజమండ్రి మిల్లు కూడా కొత్త పల్పు లైనుతో ఆ దారి పట్టింది. 2003లో కేంద్రం పరిశ్రమల కాలుష్యం తగ్గించడానికి చార్టర్ పెట్టి, టన్ను పేపరుకి ఏఓఎక్స్, అంటే ఈ క్లోరిన్ పదార్థాల మొత్తం, రెండేళ్లలో 1.5 కిలోలకి, ఐదేళ్లలో కిలోకి తగ్గించాలంది. పాత మిల్లులు వదిలే నీళ్లు టన్నుకి 120 ఘనపు మీటర్లు దాటకూడదంది.

వ్యాఖ్యాత: 120 ఘనపు మీటర్లంటే...

ఇంజినీరు: లక్షా ఇరవై వేల లీటర్లు. ఒక్క టన్నుకి. అది తగ్గించాక పెట్టిన హద్దు!

వ్యాఖ్యాత: మరి ఇప్పుడు బాగున్నట్టేనా?

ఇంజినీరు: మెరుగైంది. 2014లో సీపీసీబీ, అంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, పేపరుతో సహా 17 రకాల పరిశ్రమలకి కాలుష్యాన్ని ఎప్పటికప్పుడు కొలిచే ఆన్‌లైన్ మీటర్లు తప్పనిసరి చేసింది. కానీ బీఓడీ, సీఓడీ, అంటే నీళ్లలోని మురికి ఎంత ఆక్సిజన్ లాగేస్తుందో చెప్పే కొలతలు, హద్దుల్లో ఉన్నా నీళ్లు టీ డికాషన్ రంగులో ఉండొచ్చు. లిగ్నిన్‌ని సూక్ష్మజీవులు అంత తేలిగ్గా తినవు. నేను పనిచేసిన మిల్లు పేరు చెప్పను. అక్కడ మా ల్యాబ్ రిపోర్టు పాస్ అయిన రోజున ఒక జాలరి గాజు సీసాలో నీళ్లు తెచ్చి నా టేబుల్ మీదున్న తెల్లకాగితం ముందు పెట్టాడు. కాగితం మేం చేసిందే. సీసాలోంచి చూస్తే పసుపుపచ్చగా కనపడింది. నేనేం జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ మిల్లు రికార్డు బాగుందంటే, ఎండాకాలం నదిలో నీళ్లు తగ్గినప్పుడు రంగు ఎలా ఉందో చూపించమంటాను.

లెక్చరర్: ఆ లెక్కలు గుమ్మం బయట బోర్డు మీద తెలుగులో రాసి పెట్టాలి. నది అందరిదీ అయినప్పుడు లెక్క కూడా అందరికీ తెలియాలి కదా.

వ్యాఖ్యాత: ఏమండీ, మీరు జేబులోంచి ఏదో తీస్తున్నారు.

రైతు: కాటా చీటీ అండి. ఏ కంపెనీదో అడగొద్దు. లారీ బరువు, ఖాళీ బరువు, నికర బరువు అన్నీ ఉన్నాయి. నేను కర్ర సోమవారం కొట్టించాను. లారీ దొరికేసరికి బుధవారం, లైన్లో నిలబడి కాటా ఎక్కేసరికి శుక్రవారం. మే నెల ఎండ. కర్రలో తడి ఆరిన కొద్దీ నా డబ్బు ఆరిపోతుంది. ఎప్పుడు కొట్టామో రాసే గడి ఈ చీటీలో లేదు.

ఇంజినీరు: మీకో సంగతి చెప్పాలి. మిల్లు లోపల మేం ఎప్పుడూ పచ్చి బరువుతో లెక్క వేసుకోం. శాంపిల్ తీసి, పొయ్యిలో ఆరబెట్టి, ఎండు టన్నుల్లోనే నార లెక్క కడతాం.

రైతు: ఎండు లెక్క మీ దగ్గర ముందునుంచీ ఉందన్నమాట. అయితే నాకూ ఆ లెక్కలోనే కట్టమనండి సార్. లారీ ఎన్ని రోజులు ఆగినా నాకు బాధ లేదు.