పూత రాలుతోందా? ఎరువు డబ్బా కాసేపు పక్కన పెట్టండి

[మేడ మీద, పొద్దున. కుండీలో మిరప మొక్క. చుట్టూ నేల మీద రాలిన తెల్ల పూలు.]

నమస్తే అండీ. ఈ మిరప మొక్క మా చెల్లెలిది. పది రోజుల కిందట కొమ్మ కొమ్మకీ పూతే. ఇప్పుడు పూలన్నీ కిందున్నాయి. రాలడం మొదలైన రోజే తను లీటరు నీళ్లకు రెండు చెంచాల 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు) కలిపి పోసిందట. మూడు రోజులకు వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు, అవీ చిక్కగానే. ఆ తర్వాత ఫోన్ చేసి, "అక్కా, వేసేకొద్దీ ఇంకా రాలుతోందే" అంది.

మిద్దె తోటలు పెంచే వాళ్ల దగ్గర నేను ఎక్కువగా వినే మాట ఇదే. పూత రాలితే బలం చాల్లేదనుకుంటాం. కానీ ఈ మొక్క ఆకలితో లేదు, తిండి ఎక్కువై మాడింది. ఏం చూసి ఆ మాట అంటున్నానో చూపిస్తాను.

[ఆకు, చాలా దగ్గరగా.]

ఆకంతా ముదురు ఆకుపచ్చ, దాదాపు నలుపు తిరిగింది. కొస మాత్రం గోరంత మేర మాడి గోధుమ రంగులో ఉంది. నలిపితే, చూడండి, ఎండిన కరివేపాకులా పొడైపోతోంది. మాడిన చోటికీ పచ్చటి చోటికీ మధ్య సన్నటి పసుపు గీత ఉంది. కొస కిందికి వంగింది కూడా.

[కుండీ అంచు.]

ఇక్కడ తెల్లటి పొర కనిపిస్తోందా? గోకితే రాలుతుంది. మనం వేసిన ఎరువులోని లవణాలు, బోరు నీళ్లలోని సున్నం కలిసి ఇలా పేరుకుంటాయి. అంచు మీద ఇంత ఉందంటే లోపల వేర్ల చుట్టూ ఎంత ఉంటుందో ఊహించండి.

మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచుతాం కదా. తెల్లారేసరికి ఊట దిగుతుంది. బయట ఉప్పు ఎక్కువుంటే ముక్కలోని నీరు బయటికి వచ్చేస్తుంది. వేరు దగ్గరా జరిగేది అదే. మట్టిలో ఉప్పు తక్కువుంటే వేరు నీళ్లు తాగుతుంది. ఎక్కువైతే తాగలేదు, మరీ ఎక్కువైతే వేరులోని నీరే బయటికి పోతుంది. అందుకే మట్టి తడిగానే ఉంటుంది, మొక్క మాత్రం దాహంతో వాడిపోతుంది. వేరు పీల్చిన కాస్త నీరూ ఆకు కొసకు చేరి ఆవిరైపోతుంది, దాంతో వచ్చిన లవణం అక్కడే మిగులుతుంది. మాడడం ఎప్పుడూ కొసల నుంచి మొదలయ్యేది ఇందుకే.

మరి పూత ఎందుకు రాలుతుంది? దాహం ఒక కారణం. నత్రజని ఇంకొకటి. అది ఎక్కువైతే మొక్క ఆకులు, కొమ్మలు వేయడంలో పడిపోతుంది, పూత నిలవదు. యూరియాలో 46 శాతం నత్రజనే. పూత మీదున్న కుండీ మొక్కకు "చిటికెడేగా" అని దాన్ని వేయకండి.

కొలత దగ్గర ఒక పొరపాటు బాగా జరుగుతోంది. లీటరుకు 5 గ్రాములని ఎక్కడో విని అంతే కలిపి కుండీలో పోసేస్తున్నారు. ఆ కొలత సాధారణంగా పొలంలో పైరు ఆకుల మీద పిచికారీకి చెప్పేది. పొలంలో లోతైన నేల ఉంది, పెద్ద వాన పడితే ఉప్పు కిందికి దిగిపోతుంది. పన్నెండు అంగుళాల గ్రో బ్యాగులో మహా అయితే ఇరవై లీటర్ల మట్టి. అందులో వేసింది అందులోనే తిరుగుతుంది. సేంద్రియమైతే భయం లేదనీ అనుకోకండి. మాగని కోళ్ల ఎరువు, పచ్చి పేడ, చిక్కటి చెక్క నీళ్లు కూడా వేర్లను మాడుస్తాయి. కడగని కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టులో) అయితే ముందే ఉప్పు ఉంటుంది.

వైద్యానికి ముందు ఒక జాగ్రత్త. ఆకులు పైకి దోనెలా ముడుచుకుంటే అది తామర పురుగుల వల్ల వచ్చే పై ముడత. తిరగేసిన పడవలా కిందికి ముడుచుకుంటే అది తెల్లనల్లి వల్ల వచ్చే కింది ముడత. వాటికి ఈ వైద్యం పనిచేయదు. పాత ఆకుల అంచులు పొడవునా పసుపెక్కి మాడుతుంటే పొటాష్ లోపం కూడా కావచ్చు. ఈ మధ్య ఎరువేమీ వేయకపోతే, కుండీ అంచున తెల్ల పొర లేకపోతే అటు ఆలోచించండి.

[కుండీని రెండు ఇటుకల మీద పెడుతుంది. కింద బేసిన్.]

ముందు అడుగున కన్నాలు తెరిచి ఉన్నాయా చూడాలి. పూడిపోతే పుల్లతో పొడవండి. నీళ్లు బయటికి పోకుండా పైనుంచి పోస్తే వేర్లకు గాలి ఆడక కుళ్లిపోతాయి. అంచున పేరుకున్న తెల్ల పొరను, పైన వేలు మందం మట్టిని తీసి పారేయండి.

ఇప్పుడు నీళ్లు. మట్టి పదిహేను లీటర్లయితే నీళ్లు ముప్పై దాకా కావాలి. ఒక్కసారి కుమ్మరించకండి. మగ్గుతో నెమ్మదిగా, కిందికి దిగిన తర్వాతే మళ్లీ పోయండి. గంట పట్టినా ఫర్వాలేదు. పట్టి ఉంచిన వాన నీళ్లుంటే అంతకంటే మంచిది లేదు.

[బేసిన్‌లో నీళ్లు.]

మొదటి నీళ్లు చూడండి, టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. నా దగ్గర చిన్న టీడీఎస్ మీటరుంది, నీళ్లలో కరిగిన లవణాలు ఎన్నున్నాయో చూపిస్తుంది. మా కుళాయి నీళ్లు 480 చూపించాయి, కిందికి దిగినవి 3000 దాటాయి. ఈ రెండు అంకెలు బాగా దగ్గరపడే వరకూ పోస్తాను. మీటరు లేకపోతే రంగు తేటపడే దాకా పోయండి. బేసిన్‌లోకి దిగిన ఈ నీళ్లను మళ్లీ ఏ మొక్కకూ పోయకండి.

తర్వాత రెండు వారాలు ఏ ఎరువూ వద్దు. పై అంగుళం ఆరితేనే నీళ్లు. రెండు మూడు రోజులు మధ్యాహ్నం ఎండ తగలని చోట ఉంచితే మొక్కకు కాస్త ఊపిరి ఆడుతుంది. మాడిన కొసలు మళ్లీ పచ్చబడవు, వాటి కోసం ఎదురుచూడకండి. సగం పచ్చగా ఉన్న ఆకునీ తుంచకండి, అది ఇంకా మొక్కకు తిండి వండుతూనే ఉంది. మీ చూపంతా కొత్త చిగురు మీద ఉండాలి.

[అదే మొక్క, పదహారో రోజు.]

ఇదిగో, చిగురు కొసలు శుభ్రంగా ఉన్నాయి. పైకొమ్మన కొత్త మొగ్గలు, ఇక్కడ గింజంత పిందె. మా చెల్లెలు ఇది చూసి ఏడ్చినంత పని చేసింది. ఇక నత్రజని లేని 0-0-50 పొటాష్ లీటరుకు అర గ్రాము కలిపి, తడి మట్టిలోనే పోస్తాను. పొడి మట్టిలో ఎప్పుడూ పోయకండి. వారం ఆగి కొసలు చూస్తాం. మళ్లీ మాడకపోతే ఒక గ్రాము దాకా వెళ్తాం, అంతకు మించి ఈ కుండీకి అవసరం లేదు.