ఫీడర్ కట్ చేసే ముందు ఆ చివర ఎవరున్నారో తెలియాలి

అందరికీ నమస్కారం. తుపాను హెచ్చరిక రాగానే మనం స్తంభాలు, కండక్టర్, ట్రాన్స్‌ఫార్మర్ల స్టాకు చూసుకుంటాం. అది ఎలాగూ చేయాల్సిందే. నేను ఈరోజు మాట్లాడేది ఒక జాబితా గురించి: కరెంటు కోయాల్సి వచ్చినప్పుడు ముట్టుకోకూడని ఫీడర్ల, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఒక్కో ప్రాంతానికి కరెంటు తీసుకెళ్లే లైన్ల జాబితా. అది సరిగ్గా లేకపోతే ఏమవుతుందో 2021 ఫిబ్రవరిలో తీవ్రమైన చలి వచ్చినప్పుడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం చూసింది.

అక్కడ కరెంటులో పెద్ద వాటా సహజవాయువుదే. ఆ గ్యాస్‌ను బావి నుంచి ప్లాంటు దాకా నెట్టడానికి చాలాచోట్ల మళ్లీ కరెంటే కావాలి. చలి ముదిరేసరికి గ్యాస్‌తో పాటు వచ్చే నీరు బావుల దగ్గరే గడ్డకట్టింది. ప్లాంట్లలో ప్రెషర్ కొలిచే సన్నని గొట్టాలూ బిగుసుకుపోయాయి. ఒక అణు విద్యుత్ యూనిట్ అలాగే ఆగింది. ఆవిరి చేయడానికి నీరు పంపే ఫీడ్‌వాటర్ పంపుల ప్రెషర్ చూసే గొట్టంలో నీరు గడ్డకట్టింది, పంపులు ట్రిప్ అయ్యాయి, దాంతో రియాక్టర్ కూడా ఆగిపోయింది. ఒక్క గొట్టం వల్ల పదమూడు వందల మెగావాట్లు పోయాయి!

ఫిబ్రవరి 15 తెల్లవారుజామున మామూలుగా 60 హెర్ట్‌జ్ దగ్గర ఉండాల్సిన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, వాడకానికి సరిపడా ఉత్పత్తి లేక 59.4 కంటే కిందికి పడి 4 నిమిషాల 23 సెకన్లు అక్కడే ఉంది. తొమ్మిది నిమిషాలు ఉంటే జనరేటర్లు గ్రిడ్ నుంచి వాటంతటవే విడిపోయేవి, దాదాపు రాష్ట్రమంతా చీకటయ్యేది. కంట్రోల్ రూమ్‌లో ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. లోడ్ రిలీఫ్ ఇచ్చారు, అంటే ఫీడర్లు కోసి గ్రిడ్ మీద భారం తగ్గించారు, అది పెరిగి పెరిగి 20,000 మెగావాట్లకు చేరింది.

అసలు దెబ్బ అక్కడే తగిలింది. కోసిన ఫీడర్లలో గ్యాస్ కంప్రెసర్లు, ప్రాసెసింగ్ ప్లాంట్లు ఉన్నాయి. కరెంటు కోయకూడని అత్యవసర లోడుగా నమోదు చేసుకోవడానికి అప్పుడు ఒక ఫారం ఉండేది, గ్యాస్ వాళ్లలో చాలామంది నింపలేదు. కొందరైతే అవసరమైనప్పుడు కరెంటు వాడకం తగ్గిస్తామని డబ్బు తీసుకుని ఒప్పుకున్నారు కూడా. కరెంటు పోయి గ్యాస్ తగ్గింది, గ్యాస్ తగ్గి ఇంకొంత కరెంటు పోయింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. 2011లోనూ చలికి ఇలాగే ప్లాంట్లు ఆగితే, వాటిని చలికి తట్టుకునేలా చేయమని నిపుణులు రాసిచ్చారు. తప్పనిసరి చేయలేదు, అంతే!

జాబితా మరీ పొడవైనా కష్టమే. ముట్టుకోకూడని ఫీడర్లు ఎక్కువైతే, మిగిలినవాటికి వంతుల వారీగా కరెంటు ఇవ్వడానికి వీలుండదు. టెక్సాస్ నగరాల్లో ఖాళీ ఆఫీసు భవనాలు వెలుగుతుంటే, ఇళ్లలో జనం రోజుల తరబడి చలిలో ఉన్నారు. నా దృష్టిలో ఇది గ్యాస్ ఆగడం కంటే సిగ్గుచేటు.

మన తీరంలో చలి గొడవ లేదు, గాలిది ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఎలా ఊపేసిందో మీలో చాలామంది లైన్ల మీద ఉండి చూసినవాళ్లే. తర్వాత నగరంలో భూగర్భ కేబుళ్లు వేశారు, మంచిదే. కానీ మీ సెక్షన్‌లో మంచినీటి పంప్‌హౌస్ ఏ ఫీడర్ మీద ఉంది? ఆక్సిజన్ ప్లాంటు? గ్యాస్ సరఫరా స్టేషన్‌కు జనరేటర్ ఉంటే, డీజిల్ ఎన్ని గంటలకు సరిపోతుంది? వీటికి జవాబులు ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారి తలలో ఉంటే చాలదు, ఆయన బదిలీ అయితే అవీ ఆయన వెంటే పోతాయి. సబ్‌స్టేషన్ గోడ మీద ఉండాలి. అక్టోబర్ రాకముందే గ్యాస్ వాళ్లను, నీటి సరఫరా వాళ్లను పిలిచి, ఒక్కో ఫీడర్ పేరు చదువుతూ ఆ జాబితా సరిచూడండి.