పది వారాల జీతం

(అమెరికాలోని తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

రొమ్ము క్యాన్సర్ కణాల మీద పనిచేసే చిన్న ల్యాబు నాది. ఏటా జూన్‌లో మా దగ్గరికి డిగ్రీ చదివే పిల్లలు ఒకరో ఇద్దరో వస్తారు. పది వారాలు ఉండి పని నేర్చుకుంటారు. ఆగస్టులో ఒక పోస్టరు ముందు నిలబడి, చేసిందేమిటో నలుగురికీ చెప్పి వెళ్తారు. ఆ పది వారాలకూ వాళ్లకు స్టైపెండ్ ఉంటుంది, ఉండటానికి గది ఉంటుంది. ఈవేళ నేను మాట్లాడాలనుకున్నది ముఖ్యంగా ఆ డబ్బు గురించే.

కొన్నేళ్ల కిందట ఒకమ్మాయి ఎంపికైంది. కాలిఫోర్నియాలో ద్రాక్షతోటల ప్రాంతం వాళ్లది. అమ్మా నాన్నా మెక్సికో నుంచి వచ్చి తోటల్లో కూలి చేస్తారు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్లే. అభినందిద్దామని ఫోన్ చేస్తే, "మొదటి చెక్కు ఏ తారీఖున వస్తుంది?" అని అడిగింది. నా మనసు చివుక్కుమంది. సైన్సు గురించి ఒక్క మాటైనా అడగలేదే అనుకున్నాను. తర్వాత తెలిసింది, ప్రతి వేసవీ ఆమె పళ్లు ప్యాక్ చేసే షెడ్డులో పనికి వెళ్తుందట. ఇంటి అద్దెకు ఆ జీతమే ఆధారం. జులై ఒకటో తారీఖు లోపల డబ్బు చేతికి రాకపోతే, ఎంత ఆశ ఉన్నా ఆమె మా ల్యాబుకి రాలేకపోయేది.

అంతకుముందు చాలా ఏళ్లు నేను వేసవి పిల్లలను జీతం లేకుండానే తీసుకున్నాను. ఊరికే నేర్పుతున్నాను కదా, మంచి పనే అనుకున్నాను. వచ్చినవాళ్లు డాక్టర్ల పిల్లలు, ప్రొఫెసర్ల పిల్లలు. మన తెలుగు పిల్లలే ఎక్కువ. తెలివైనవాళ్లే, ఒళ్లు దాచుకోకుండా పనిచేసినవాళ్లే. రాలేనివాళ్లు మాత్రం నాకు కనబడలేదు. కాదని నేను తిప్పి పంపితే కదా కనబడేది! వాళ్లు అసలు అప్లికేషనే పెట్టుకోలేదు.

ఈ లోటు గమనించే అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1990ల చివరి నుంచి 'క్యూర్' అనే కార్యక్రమం నడిపింది. ల్యాబుల్లో తక్కువగా కనిపించే వర్గాల పిల్లలను హైస్కూలు నుంచే చేరదీసి, సొంత పరిశోధన చేసే స్థాయి దాకా వెంట నడవడం దాని ఉద్దేశం. నల్లజాతి, లాటినో, అమెరికా ఆదివాసీ పిల్లలు, అమ్మానాన్నలు డిగ్రీ చదవని ఇళ్ల పిల్లలు, ప్రభుత్వ సంరక్షణలో పెరిగినవాళ్లు, మారుమూల ఊళ్లవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు ఈ లెక్కలోకి వచ్చేవారు.

క్యాన్సర్ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఇక్కడ నల్లజాతి స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ రావడం తెల్లజాతి స్త్రీల కంటే కాస్త తక్కువే. చనిపోయే రేటు మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ. అందులో కొంత కణంలోనే ఉంది. ట్రిపుల్ నెగెటివ్ అనే మొండి రకం వాళ్లలో సుమారు రెండింతలు కనిపిస్తుంది. మిగతాది ఇన్సూరెన్సులో ఉంది, ఆస్పత్రికున్న దూరంలో ఉంది, ఆలస్యంగా జరిగిన పరీక్షలో ఉంది. ఏది ఎంతో తేల్చాలంటే ముందు ఆ ప్రశ్న ఎవరికో ఒకరికి తట్టాలి. మేనత్తను పోగొట్టుకున్న పిల్లకు తట్టినంత త్వరగా నాకు తట్టదు.

ఆ అమ్మాయి సంగతికే వస్తాను. కణాలు పెంచే ద్రవం గులాబీ రంగులో ఉంటుంది. కణాలు కిక్కిరిసి తిండి అయిపోతే ఆమ్లం చేరి పసుపు పచ్చగా మారుతుంది. రెండో సోమవారం పొద్దున ఆమె ఫ్లాస్కు ఎత్తి వెలుతురుకి పట్టుకుని, "వీటికి ఆకలేస్తోంది" అంది. తోటల్లో పెరిగిన కన్ను అది. నేను చెప్పక ముందే చూసింది.

ఆ ఫ్లాస్కు మీద 'హీలా' అని రాసి ఉంటే, అదేమిటని అడిగింది. చెప్పాను. హెన్రియెటా లాక్స్, వర్జీనియాలో పొగాకు చేలల్లో పనిచేసిన నల్లజాతి స్త్రీ, ఐదుగురు పిల్లల తల్లి. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో 31 ఏళ్లకే పోయింది. ఆమెను ఒక్క మాట అడగకుండా తీసిన కణాలు ఈనాటికీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతున్నాయి. ఇరవై ఏళ్లు దాటేదాకా ఇంట్లోవాళ్లకు ఆ సంగతే తెలియదు. "వాళ్లకేమైనా ఇచ్చారా?" అని అడిగింది ఆ పిల్ల. అప్పటికి చెప్పడానికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఆ కణాలతో వ్యాపారం చేసిన ఒక కంపెనీతో కుటుంబానికి రాజీ కుదిరింది 2023లో.

డబ్బు మాట మనకు కొత్తేమీ కాదు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు 1922లో బోస్టన్‌లో దిగడానికి మామగారు పోగుచేసిన డబ్బు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయం ఆసరా అయ్యాయి. దిగాక ఆస్పత్రిలో రాత్రిళ్లు చిన్నాచితకా పనులు చేసి చదువుకున్నారు. ఆయన బృందం లెడర్లీ అనే మందుల కంపెనీలో తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతోనే డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1947-48లో లుకేమియా (రక్త క్యాన్సర్) వచ్చిన పిల్లలకు కొన్ని నెలలైనా ఊపిరి పోశారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ అనే మందును న్యూయార్క్ హార్లెమ్‌లో జేన్ రైట్ అనే నల్లజాతి డాక్టరమ్మ రొమ్ము క్యాన్సర్ మీద ప్రయోగించి చూశారు. 1964లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘాన్ని స్థాపించిన ఏడుగురిలో ఆవిడ ఒక్కరే స్త్రీ. మన భీమవరం మనిషి చేసిన పని హార్లెమ్‌కి చేరిందని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

2025లో ప్రభుత్వ విధానం మారింది. వైవిధ్యం పేరుతో నడిచిన శిక్షణ గ్రాంట్లు చాలా రద్దయ్యాయి. పిల్లలు మాత్రం అడుగుతూనే ఉన్నారు. ఈ హాల్లో ల్యాబులున్నవాళ్లు కనీసం పదిమంది నాకు తెలుసు. మీ దగ్గర ఒక్క బెంచీ ఖాళీగా ఉన్నా చెప్పండి. పది వారాల పాటు మీ ఇంట్లో ఒక గది ఇవ్వగలిగితే చెప్పండి. ఒక పిల్లకో పిల్లాడికో స్టైపెండ్ కట్టగలిగితే, దయచేసి జూన్ మొదటి వారంలోనే చేతికందేలా కట్టండి. ఆగస్టు చివర్లో ఇస్తే అద్దెకు అందదు. అప్లికేషన్లు చలికాలంలోనే మొదలవుతాయి. భోజనాల దగ్గర తలుపు పక్కన బల్ల మీద కాగితం పెట్టాను. పేరూ ఫోన్ నంబరూ రాసి వెళ్లండి, ఈ వారంలోనే నేను ఫోన్ చేస్తాను.