పుట్టీలో నీళ్ళు, గాలిలో నీళ్ళు: టింకరింగ్, పెయింటింగ్ నేర్చుకుందామనుకునే కుర్రాళ్ళకి

అందరికీ నమస్కారం అండి. మొన్న అమలాపురం అవతల నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. వాళ్ళబ్బాయి పది పాసయ్యాడు, ఇంటర్ చదవనంటున్నాడు, కార్ల బాడీ పని, అంటే సొట్టలు తీసే టింకరింగ్, రంగు కొట్టే పెయింటింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టాడు. "షెడ్డులో పెట్టమంటావా తమ్ముడూ, ఐటీఐలో వేయమంటావా? షెడ్డు వాళ్ళయితే రేపటి నుంచే పంపమంటున్నారు" అని అడిగింది. ఐటీఐలో వేయక్కా, సెలవుల్లో షెడ్డుకి పంపు అన్నాను. ఎందుకో ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, అది ఈరోజు చెబుతాను.

నేను పాలకొల్లు దగ్గర ఒక షెడ్డులో నేర్చుకున్నాను. పదహారేళ్ళకి చేరాను. మొదటి రెండేళ్ళు వాటర్ పేపర్ (నీళ్ళతో తడిపి వాడే గరుకు కాగితం) రుద్దడమే పని, వేళ్ళ చివర్లు అరిగిపోయి అన్నం కలుపుకుంటే కారం మండేది. దాని గురించి నాకు బాధ లేదు, చెయ్యి అలాగే తయారవుతుంది. బాధల్లా, ఏ పని ఎందుకు చేస్తున్నామో ఎవరూ చెప్పలేదు, చెప్పడానికి వాళ్ళకీ ఎవరూ చెప్పలేదు.

ఒకసారి వానాకాలంలో తెల్ల కారు వచ్చింది, డోరు కింద పెద్ద సొట్ట. సొట్ట తీశాం, గుంతలు నింపి చదును చేసే పుట్టీ పెట్టాం, బకెట్‌లో నీళ్ళు పెట్టుకుని పుట్టీని తడిపి తడిపి రుద్దాం, గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద కాసేపు ఆరబెట్టి ప్రైమర్ (రంగు కింద వేసే పూత) కొట్టేశాం. బండి అద్దంలా వెళ్ళింది. రెండు నెలలకి అదే బండి వెనక్కొచ్చింది, డోరు నిండా పొక్కులు. గోటితో గీకితే పెచ్చు ఊడొచ్చింది, కింద రేకు ఎర్రగా తుప్పు. ఆ ఓనరు కోప్పడను కూడా లేదు, ఊరికే చూస్తూ నిలబడ్డాడు. డబ్బులు తీసుకోకుండా మళ్ళీ చేశాం, మళ్ళీ అలాగే తడిపి రుద్దాం!

ఏం జరిగిందో నాకు ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక పెయింట్ కంపెనీ ట్రైనింగ్‌లో తెలిసింది. మనం వాడే పాలిస్టర్ పుట్టీలో టాల్కం పొడి లాంటిది ఉంటుంది, అది స్పాంజిలా నీళ్ళు పీల్చేస్తుంది. పైన ఆరినట్టు కనిపిస్తుంది, లోపల తడి ఉండిపోతుంది. దాని మీద ప్రైమర్, రంగు, ఆ పైన మెరుపుకి క్లియర్ వేసి మూత పెట్టేస్తే ఆ తడి ఎటు పోతుంది? ఎండకి కారు కాలినప్పుడు పైకి తోస్తుంది, పొక్కు వస్తుంది. కిందికి దిగితే రేకుని తింటుంది. అందుకే పుట్టీని పొడిగానే, పేపర్ వెనక చదునైన బ్లాక్ పెట్టి రుద్దాలి. 80 నంబర్ పేపర్‌తో ఆకారం తెచ్చి, తర్వాత 180, ఆ పైన 320. దుమ్ము వస్తుంది, మాస్క్ పెట్టుకోవాలి. నీళ్ళతో రుద్దుకోవాలంటే పైన టూకే ప్రైమర్ (గట్టిపడటానికి హార్డెనర్ అనే మందు కలిపి కొట్టేది) పడి, బాగా గట్టిపడ్డాక. ఈ ఒక్క ముక్క నాకు పదహారేళ్ళప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఎన్ని డోర్లు బతికేవో.

రెండో నీళ్ళు గాలిలోవి. మన గోదావరి జిల్లాల గాలి సంగతి మీకు తెలిసిందే, ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే సాయంత్రానికి ముద్దయిపోతుంది. ఆ గాలినే కంప్రెసర్ పీల్చి నొక్కుతుంది. నొక్కినప్పుడు వేడెక్కుతుంది, ట్యాంకులో చల్లారినప్పుడు అందులోని తేమ నీళ్ళయి అడుగున చేరుతుంది. ఆ నీళ్ళు పైపులో నుంచి రంగు కొట్టే గన్‌లోకి, గన్‌లోంచి రంగులోకి. పొద్దున్నే ట్యాంకు కింద వాల్వ్ తిప్పి నీళ్ళు వదలడం, గన్‌కి ముందు తేమని పట్టేసే మాయిశ్చర్ ట్రాప్ పెట్టడం, దాన్ని వానల్లో మధ్యాహ్నం కూడా ఒకసారి ఖాళీ చేయడం, ఇవి చేయని షెడ్డులో ఎంత ఖరీదైన రంగు కొట్టినా దండగే.

పాత ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ కొట్టినవాళ్ళకి ఇంకోటి తెలుసు, ముసురు రోజున రంగు తెల్లగా పాలిపోవడం. థిన్నర్ గబగబా ఎగిరిపోతూ రేకు పైభాగాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలో తేమ వచ్చి రంగు మీద వాలుతుంది. చలికాలం పొద్దున అద్దాల మీద మంచు పట్టినట్టే. నెమ్మదిగా ఆరే థిన్నర్ వాడాలి, లేదా ఆ పూట పని ఆపాలి. ఓనరు తొందరపెడుతున్నా ఆపాలి. హార్డెనర్ కలిపి కొట్టే పీయూ (పాలీయురేతేన్) పెయింట్‌లోనూ తేమకి హార్డెనర్ పాడవుతుంది, అందుకే డబ్బా మూత తీసి అలా వదిలేసే కుర్రాణ్ణి నేను గట్టిగానే కేకలేస్తాను.

ఇక తుప్పు. భీమవరం, నరసాపురం వైపు రొయ్యలు మోసే బండ్లు చూడండి, ఐసు కరిగిన ఉప్పునీళ్ళు రోజంతా ఛాసిస్ మీద కారుతూనే ఉంటాయి. సముద్రం పక్క ఊళ్ళలో గాలే ఉప్పగా ఉంటుంది. లంక గ్రామాల్లో వరద తగ్గాక వచ్చే బండ్లకి డోరు లోపల ఒండ్రు చేరి, అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు మూసుకుపోతాయి. మనవాళ్ళు తుప్పు పట్టిన ముక్క కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేసి, బయట గ్రైండ్ చేసి, రంగు కొట్టి ఇచ్చేస్తారు. మరి లోపలి వైపు? వెల్డింగ్ వేడికి వెనకున్న రంగంతా కాలిపోయి ఉంటుంది, అక్కడ వట్టి రేకు. వచ్చే వానాకాలానికి లోపలి నుంచే తుప్పు మొదలు. వెనక వైపు ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, చెయ్యి పోని చోట వ్యాక్స్ స్ప్రే చేసి పంపాలి. ఓనరుకి కనిపించదు, బిల్లులో రాస్తే అడుగుతాడు, ఓపిగ్గా చెప్పాలి.

సొట్ట తీయడం గురించి కూడా ఒక మాట. సొట్ట లోతుంటే పుట్టీ మందంగా మెత్తేయడం కాదు పని. వెనక డాలీ (చేతిలో పట్టే ఇనుప దిమ్మ) పెట్టి, లోపలికి పోయినచోట కింద నుంచి నొక్కుతూ, దాని పక్కన ఉబ్బినచోట పైనుంచి సుత్తితో చిన్న చిన్నగా కొట్టుకుంటూ రావాలి. గట్టిగా కొడితే రేకు సాగిపోతుంది, ఆ తర్వాత వేలితో నొక్కితే టక్కు టక్కుమంటుంది. కళ్ళు మూసుకుని అరచేత్తో రాస్తే ఎత్తుపల్లాలు తెలియాలి. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లు మించకూడదు. ఇది ఏ క్లాసులోనూ రాదు, షెడ్డులో పెద్దవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే, అక్కడ షెడ్డుకి దండం పెడతాను.

కానీ ఈ కాలపు కార్లు వేరు. పైకప్పుని మోసే పిల్లర్లలో వాడే గట్టి స్టీల్‌ని మనం పాత అంబాసిడర్‌కి చేసినట్టు గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చి లాగితే దాని బలం పోతుంది. రేపు ఆ బండికి మళ్ళీ యాక్సిడెంట్ అయితే లోపలున్న మనుషుల్ని కాపాడాల్సింది ఆ పిల్లరే. ఎయిర్‌బ్యాగులున్న బండికి బ్యాటరీ తీయకుండా వెల్డింగ్ పెట్టకూడదు. కంపెనీ మాన్యువల్ చదవడం రావాలి, వెయింగ్ స్కేల్ మీద గ్రాముల్లో రంగు కలపడం రావాలి. ఇందుకే ఐటీఐ అన్నాను. మెకానిక్ ఆటో బాడీ రిపేర్, మెకానిక్ ఆటో బాడీ పెయింటింగ్ అని రెండు ట్రేడ్‌లున్నాయి, ఒక్కోటి ఏడాది. అన్ని ఐటీఐల్లోనూ ఉండవు, చేరేముందు ఆ ట్రేడ్ ఉందా, స్ప్రే గన్, కంప్రెసర్ నిజంగా పనిచేస్తున్నాయా అని మీరే వెళ్ళి కళ్ళతో చూడండి. సర్టిఫికెట్ ఉంటే షోరూముల్లో అప్రెంటిస్‌గా స్టైపెండ్‌తో చేరే దారి ఉంటుంది. చుట్టాలు చిన్నచూపు చూస్తారని బెంగ పడే అమ్మానాన్నలకి ఇంకోటి చెప్పాలి: ప్రపంచ దేశాల కుర్రాళ్ళు పోటీపడే వరల్డ్‌స్కిల్స్‌లో ఆటోబాడీ రిపేర్‌కి ఒక పోటీ, కార్ పెయింటింగ్‌కి ఇంకో పోటీ ఉన్నాయి. 

చివరిది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే మందు ఉంటుంది. గన్‌తో కొట్టినప్పుడు పొగమంచులా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆస్తమా తెప్పిస్తుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం తగిలినా ఆయాసం వస్తుంది. మూతికి కట్టుకున్న జేబురుమాలు, దుమ్ముకి పెట్టుకునే తెల్ల మాస్క్ దీన్ని ఆపలేవు. బయటి నుంచి గాలి అందించే మాస్క్ అన్నిటికన్నా మంచిది. అది లేనిచోట కనీసం బొగ్గు కార్ట్రిడ్జ్ మాస్క్, మొహానికి సరిగ్గా పట్టేది, కార్ట్రిడ్జ్‌లు టైముకి మారుస్తూ ఉండాలి. చేతికి గ్లౌజులు, కళ్ళకి అద్దాలు. నాకు పని నేర్పిన గురువుగారు యాభై దాటకముందే మెట్లెక్కలేని స్థితికి వచ్చారు, డాక్టరు రంగు పని మానేయమన్నాడు. ముప్పై ఏళ్ళు గన్ పట్టిన చెయ్యి అది, ఇప్పుడు షెడ్డు బయట కుర్చీలో కూర్చుని షేడ్ కలిసిందా లేదా అని దూరం నుంచే చెబుతారు, ఇప్పటికీ తప్పు చెప్పరు.

అక్కా, నువ్వు ఈ వీడియో చూస్తుంటే, అబ్బాయికి మొదటిరోజు షెడ్డుకి పంపేముందు కొత్త చొక్కా కొనకపోయినా ఫర్వాలేదు, ఆ మాస్క్ కొనివ్వు. అది పెట్టుకుంటే నవ్వే షెడ్డయితే వేరే షెడ్డు చూద్దాం, నేనే మాట్లాడతాను.