లైసెన్స్ వచ్చింది, మరి అపాయింట్‌మెంట్ ఎవరిస్తారు?

హోస్ట్: అందరికీ నమస్కారం. డాలస్‌లో ఇండిపెండెంట్ ఇన్సూరెన్స్ ఏజెన్సీ నడుపుతున్న అక్క ఈ వారం మనతో ఉన్నారు. అక్కా, సూటిగా అడిగేస్తాను. టెక్సస్‌లో ప్రాపర్టీ అండ్ క్యాజువాల్టీ, అంటే ఇళ్లు, కార్లు, వ్యాపారాల బీమా అమ్మే పరీక్ష పాసయ్యాం, వేలిముద్రలిచ్చాం, లైసెన్స్ వచ్చింది. ఇక ట్రావెలర్స్, ప్రోగ్రెసివ్ లాంటి బీమా కంపెనీల పాలసీలు అమ్మేసుకోవచ్చా?

అక్క: కుదరదు తమ్ముడూ. లైసెన్స్ ఇచ్చేది రాష్ట్రం. తన పాలసీ అమ్మమని మనల్ని నియమించాల్సింది కంపెనీ. అదే అపాయింట్‌మెంట్. కంపెనీ మనతో అగ్రిమెంట్ చేసుకుని, మన పేరు టెక్సస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్‌కి పంపుతుంది. స్టేట్ ఫార్మ్ లాంటి ఒక్క కంపెనీకే ఏజెంటుగా ఉంటే ఈ తిరుగుడు ఉండదు. నాలుగైదు కంపెనీల రేట్లు పక్కపక్కన పెట్టి చూపించాలంటే మాత్రం ఒక్కొక్కరి తలుపూ తట్టాలి.

హోస్ట్: తడితే ఏమడుగుతారు?

అక్క: ముందు కాగితాలు. మనకి లైసెన్స్, ఏజెన్సీకి విడిగా లైసెన్స్, ఈ అండ్ ఓ పాలసీ. మన పొరపాటు వల్ల కస్టమర్ నష్టపోయి దావా వేస్తే ఆదుకునేది ఈ అండ్ ఓ. మిలియన్ డాలర్ల లిమిట్ మామూలుగా అడుగుతారు. ఇవన్నీ డబ్బు కడితే అయ్యే పనులు. అసలు ప్రశ్న తర్వాత వస్తుంది: ఏడాదికి ఎంత ప్రీమియం తెస్తారు, ఎలాంటి వాళ్లను తెస్తారు?

హోస్ట్: మనవాళ్లు ఇక్కడ ధైర్యంగా చెప్తారు కదా. తానాలో అందరూ తెలుసు, వాట్సాప్ గ్రూపుల నిండా మనవాళ్లే అని.

అక్క: పరిచయాలు కాదనను, నాకూ మొదటి కస్టమర్లు అలాగే వచ్చారు. కానీ కంపెనీ మనిషి లెక్క వేరు. మనవాళ్లంతా ఫ్రిస్కోలోనో, ప్రాస్పర్‌లోనో, రెండు మూడు కమ్యూనిటీల్లోనే ఇళ్లు కొంటారు. ఉత్తర టెక్సస్‌లో వసంతకాలం వచ్చిందంటే వడగళ్ల భయం. ఒక్క సాయంత్రం వడగళ్ల వాన పడితే మన కస్టమర్ల పైకప్పులన్నీ ఒకేసారి క్లెయిముకొస్తాయి. వంద డాలర్ల ప్రీమియంలో క్లెయిములకి ఎంత పోయిందో చెప్పేది లాస్ రేషియో. అది ఒక్క రాత్రిలో తలకిందులవుతుంది. అందుకని మన స్నేహితుల పట్టిక చూసి ఆ కంపెనీ మనిషి సంతోషపడడు, ఆలోచనలో పడతాడు.

హోస్ట్: మరి ఏం చూపించాలి?

అక్క: కలగలుపు. ఇల్లూ కారూ ఒకే చోట తీసుకునే కుటుంబాలు, వాళ్లతో పాటు చిన్న వ్యాపారాలు. మనవాళ్ల ఐటీ కన్సల్టింగ్ కంపెనీలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. టెక్సస్‌లో ప్రైవేటు కంపెనీకి వర్కర్స్ కాంప్, అంటే పనిలో దెబ్బ తగిలిన ఉద్యోగులకిచ్చే బీమా, చట్టప్రకారం తప్పనిసరి కాదు. అయినా క్లయింట్ కాంట్రాక్టులో అడుగుతాడు, వ్యాపారం వల్ల బయటివాళ్లకి నష్టం జరిగితే ఆదుకునే జనరల్ లయబిలిటీ బీమా సర్టిఫికెట్ కూడా అడుగుతాడు. ఆ వ్యాపారం వడగళ్లకి దెబ్బతినదు. దాన్ని రెండు పేజీల ప్లానులో, ఏ ఊళ్లో, ఏ తరహా కంపెనీలు, ఎవరి ద్వారా వస్తాయి అని రాసి ఇవ్వాలి. నేను చూసినంతలో, పెద్ద అంకె వేసి మాటిచ్చిన వాళ్లకంటే ఇలా రాసిచ్చిన వాళ్ల మాటకే విలువ ఎక్కువ.

హోస్ట్: అయినా కాదంటే?

అక్క: నెట్‌వర్క్‌లున్నాయి. ఎస్ఐఏఏ, స్మార్ట్ చాయిస్ లాంటివి. చాలా చిన్న ఏజెన్సీలను ఒక గొడుగు కిందకి తెచ్చి, కంపెనీలతో తమకున్న ఒప్పందాల ద్వారా మనకి దారి చూపిస్తాయి. కొన్ని చేరేటప్పుడు ఫీజు తీసుకుంటాయి, కొన్ని కమీషన్‌లో వాటా. కొత్తగా మొదలెట్టేవాళ్లకి ఇది మంచి దారే, నేను వెళ్లమనే చెప్తాను. ఒక్కటి మాత్రం బతిమాలి చెప్తున్నా తమ్ముడూ, వాటా ఎంత అని బేరమాడే ముందు బయటికొచ్చే షరతులు చదవండి. రెన్యువల్స్ ఎవరివి? నేను వెళ్లిపోతే నా కస్టమర్లను వెంట తీసుకెళ్లొచ్చా? కంపెనీ ఏజెంటుకిచ్చే కోడ్ నా పేరు మీదా, నెట్‌వర్క్ పేరు మీదా? ఎన్ని నెలల ముందు నోటీసివ్వాలి, ఎంత కట్టాలి? ఏళ్ల తరబడి కూడబెట్టిన బుక్, అంటే మన కస్టమర్ల పాలసీలన్నీ, మనది కాదని చివర్లో తెలిస్తే ఆ కుటుంబం ఏమైపోవాలి? కాంట్రాక్టులు చదివే లాయరుకి ఇచ్చే ఫీజు దండగ కాదు.

హోస్ట్: అపాయింట్‌మెంట్ వచ్చాక నిశ్చింతేనా?

అక్క: అనుకున్న ప్రీమియం రాకపోయినా, క్లెయిములు పెరిగినా కంపెనీ తీసేయొచ్చు. అందుకే అందరి దగ్గరా ఒకేసారి తీసుకోవద్దు. పది కంపెనీలకి తలా రెండు పాలసీలు పంచితే ఎవరి లెక్కలోనూ మనం ఉండం. రెండు మూడింటితో మొదలెట్టి వాటికి నిలబడాలి. ఇంకో మాట, "అక్కా, నీ కమీషన్‌లో కొంచెం నాకు తిరిగివ్వు" అని మనవాళ్లు ఆప్యాయంగానే అడుగుతారు. దాన్ని రిబేటింగ్ అంటారు, టెక్సస్‌లో అది చట్టవిరుద్ధం. లైసెన్స్‌కే ముప్పు.

హోస్ట్: చివరగా ఒక శ్రోత అడిగారు. భర్త హెచ్‌-1బీ మీద, ఆమె హెచ్‌-4 ఈఏడీ మీద, అంటే హెచ్‌-1బీ వాళ్ల భార్యాభర్తలకిచ్చే పని అనుమతి కార్డు మీద, ఉన్నారట. ఏజెన్సీ పెట్టొచ్చా అని.

అక్క: 2015 నుంచి హెచ్‌-4 వాళ్లలో అర్హులకి ఈఏడీ ఇస్తున్నారు. అది చేతిలో ఉంటే ఆవిడ సొంత ఏజెన్సీ పెట్టుకోవచ్చు, లైసెన్స్, అపాయింట్‌మెంట్లు ఆవిడ పేరు మీదే. భర్త మాత్రం సాయంత్రాలు కూర్చుని కస్టమర్లకి రేట్ల కొటేషన్లు తీయకూడదు, ఆయన వీసా ఆ ఉద్యోగానికే. ఈఏడీ గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకుని, ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడాకే నెట్‌వర్క్ కాగితాల మీద సంతకం పెట్టమనండి.