ఈ వారానికి సరిపడేంత లక్ష్యం

అందరికీ నమస్కారం. "ముందు నా మీద నాకు నమ్మకం రావాలి, అప్పుడు మొదలుపెడతాను" అని చాలామంది అంటుంటారు. నమ్మకం అలా ముందే రాదండి. చేసిన పని కళ్లకు కనబడ్డాక దాని వెనకాలే వస్తుంది.

ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఈ విషయం మీదే రాశారు. "నేను చేయగలను" అన్న భావన స్వయంగా చేసి చూసుకోవడం వల్ల వస్తుంది, మనలాంటివాళ్లు చేస్తుంటే చూడడం వల్ల వస్తుంది, ఎవరైనా ధైర్యం చెబితే వస్తుంది, ఆ సమయానికి మనకున్న టెన్షన్‌ని బట్టి కూడా మారుతుంది, కానీ వీటన్నిటిలో స్వయంగా చేసిన పనికే బలం ఎక్కువ అన్నారు. అంటే ఇక్కడ నిలబడి నేనెంత చెప్పినా, రేపు మీరు పూర్తిచేసే ఒక చిన్న పనితో అది సమానం కాదు.

1981లో ఆయనా, డేల్ షంక్ కలిసి చేసిన ప్రయోగం ఒకటి నాకు చాలా ఇష్టం. తీసివేతలు రాని, లెక్కలంటే ఆసక్తి కూడా లేని పిల్లలకు 42 పేజీల లెక్కలిచ్చారు. కొందరితో ఒక్కో సెషన్‌లో 6 పేజీలు చేయమన్నారు, ఇంకొందరితో 7 సెషన్లూ అయ్యేసరికి మొత్తం 42 చేయమన్నారు, మిగిలినవాళ్లకు లక్ష్యమే పెట్టలేదు. లెక్కలు అందరికీ అవే. ఆరేసి పేజీల పిల్లలు బాగా నేర్చుకున్నారు, తమకు వచ్చన్న నమ్మకం పెరిగింది, లెక్కల మీద ఇష్టం కూడా పుట్టింది. 42 పేజీల దూరపు లక్ష్యం వల్ల మాత్రం చెప్పుకోదగ్గ ఫలితం కనబడలేదు. రోజూ "ఇంకా ఎంతో ఉంది" అనిపించే పిల్లాడికి, తను ఎంత నేర్చుకున్నాడో తెలిసేదెప్పుడు చెప్పండి?

అలాగని మరీ తేలికైనది పెట్టుకోవద్దు, నిద్రలో కూడా చేయగలిగిన పని అయిపోతే ఎవరికీ నమ్మకం పెరగదు. కాస్త కష్టపడితే అందేలా ఉండాలి.

ఇక టైం విషయం. మనందరం తక్కువే వేసుకుంటాం. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో, థీసిస్ రాస్తున్న విద్యార్థులు సగటున 34 రోజుల్లో ముగిస్తామని అంచనా వేస్తే దాదాపు 55 రోజులు పట్టింది. వాళ్లు సోమరులని కాదు, అడ్డంకులను లెక్కలో వేసుకోలేదంతే. అంచనా తప్పితే "నా వల్ల కాదు" అని మనల్ని మనమే తిట్టుకుంటాం చూశారా, అది చాలా అన్యాయం. తప్పింది అంచనా, దాన్ని సరిచేసుకుంటే సరిపోతుంది.

ఇంకొకటి, మీ చేతిలో ఉన్నదే రాసుకోండి. ఉద్యోగం రావడం మీ చేతిలో లేదు, వారానికి మూడు అప్లికేషన్లు శ్రద్ధగా పంపడం ఉంది. ఈ వారం ఒక్కటే పంపగలిగితే వచ్చే వారానికి రెండు పెట్టుకోండి, ఐదు మాత్రం పెట్టుకోకండి. పంపినవన్నీ తేదీలతో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, మనసు బాగాలేని రోజు తీసి చూసుకోవడానికి పనికొస్తుంది.