18,000 జీతం, ఒక్కడి కాపురం

అక్క: రికార్డింగ్ ఎర్ర లైట్ వచ్చిందా చిన్నోడా?

చిన్నోడు: వచ్చింది అక్కా. ఫ్యాన్ కూడా బంద్ చేశా.

తమ్మి: ఫ్యాన్ ముచ్చట ఎత్తకురా. పోయినసారి తిన్న తిట్లు చాలు.

అక్క: మహబూబ్‌నగర్ మెట్టుగడ్డ నుంచి మళ్లీ మేమే. పెళ్లి కాని పిల్లలు, చిన్న జీతగాళ్లు, ఒక్కరే గది తీసుకుని బతకగలరా? ఇది ఈ వారం ముచ్చట. జడ్చర్ల నుంచి ఒక తమ్ముడు అడిగాడు.

తమ్మి: బతకొచ్చు. నేను బతుకుతున్న కదా. ఇంకేం ముచ్చట ఉంది?

అక్క: నువ్వు బతికేది మాకు తెలియదా! ఎప్పటి నుంచో చూస్తున్నా. పేస్లిప్ తెచ్చావా?

తమ్మి: తెచ్చిన. మొత్తం 18,000. బేసిక్ 10,000, దాని మీద పీఎఫ్ 12 శాతం, 1,200. ఈఎస్ఐ, అదే జబ్బు చేస్తే ఆదుకునే బీమా, దానికి 135. ప్రొఫెషనల్ ట్యాక్స్ 150. చేతికి వచ్చేది 16,515.

అక్క: జీతం 15,000 దాటితే ఆ 150 పడుతుంది, 20,000 దాటితే 200. సరే, కిరాయి?

తమ్మి: 4,500. కరెంటు సబ్ మీటరు, ఇంటాయన యూనిట్ లెక్కన తీసుకుంటాడు. 200 యూనిట్ల లోపు ఉచితం అన్నది మనదాకా రాదు. మీటరు ఆయన పేరు మీద, మా రేషన్ కార్డు ఊర్ల మా నాయన పేరు మీద.

అక్క: ఆగు, అది పెద్ద మాట. ఆ ఉచిత కరెంటు పథకం, గృహజ్యోతి, కిరాయిదార్లకు కూడా వర్తిస్తుంది. అయితే విడిగా మీటరు ఉండాలి, కార్డు ఉండాలి. ఒంటి గది పిల్లగానికి రెండూ ఉండవు.

తమ్మి: నీకేంది అక్కా, 2023 డిసెంబర్ నుంచి బస్సు కూడా ఫ్రీ. అందుకే చెప్తున్నా, మగపిల్లలకు రైలు సీజన్ టికెట్టే దిక్కు. 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు. ఇక్కడ గది తీసుకో, హైదరాబాద్ పట్నంలో పని చెయ్యి...

అక్క: వచ్చిందండీ వీడి రైలు ముచ్చట, ప్రతిసారీ ఇంతే.

చిన్నోడు: ఈసారి నాలుగు నిమిషాలకే వచ్చింది.

తమ్మి: నవ్వండి. డబుల్ లైన్ కూడా పడ్డది. పట్నంలో కిరాయి కట్టే పైసల్లో...

అక్క: నువ్వు పోలేపల్లి సెజ్‌లో ప్యాకింగ్ చేస్తావు. కంపెనీ బస్సు గది దాకా వస్తుంది. నీకెందుకయ్యా రైలు? లెక్క చెప్పు.

తమ్మి: ఇంటికి 5,000 పంపుతా. బండి కిస్తీ 3,100. కర్రీ పాయింట్‌లో కూర ఒకటి 30, రోజుకు రెండు, అంటే నెలకు 1,800. ఫోను 300. ఎంత మిగిలింది?

అక్క: 1,815. పెట్రోలు, సబ్బు, కరెంటు ఇంకా రాయలేదు. ఇంతకీ బియ్యం ఏది?

తమ్మి: బియ్యం కొనను. ఊరి నుంచి తెస్తా. అమ్మ తొక్కు కూడా పెడుతుంది.

అక్క: ఆఁ! అదే నేను అడగాలనుకున్నది. బియ్యం ఇంటి నుంచి, తొక్కు ఇంటి నుంచి, పండుగకు బట్టలు ఇంటి నుంచి. ఇది సొంతంగా బతకడమా? హాస్టల్‌లో ఉన్నట్టే.

తమ్మి: అక్కా, 5,000 పంపుతున్న కదా! దాని ముందు ఒక సంచి బియ్యం ఎంత?

అక్క: పంపేది వేరు, తెచ్చుకునేది వేరు. జీతం మీదే నిలబడితేనే సొంతం అంటాను. ఆ సంచి తీసేసి నెల గడిపి చూడు.

తమ్మి: గడుపుతా. పది కిలోలు కొంటా, ఇంకో 550. అప్పుడు 1,265. ఏమవుతుంది?

అక్క: సబ్బు కొనడానికి బయట నిలబడి ఆలోచిస్తావు.

తమ్మి: ఇప్పుడు కూడా ఆలోచిస్తున్నా. ఇంకో మాట విను. నా పేరు మా నాయన కార్డులోనే ఉంది. 2025 ఉగాదికి మొదలుపెట్టారు, ఆ ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం. ఆ సంచిలో ఆరు కిలోలు నా పేరు మీద వచ్చినవే! అమ్మ పెట్టిన భిక్ష కాదు.

అక్క: ...

చిన్నోడు: అక్క దగ్గర మాట లేదు. ఇది రికార్డులో ఉంటది.

అక్క: ఉంటే ఉండనీ. మరి మిగతా నాలుగు కిలోలు?

తమ్మి: నువ్వు నాలుగు కిలోల కోసం కొట్లాడుతున్నావా?

అక్క: కొట్లాడటం కాదు. నేను నల్గొండలో హాస్టల్‌లో ఉన్నప్పుడు మా నాయన క్లాక్ టవర్ దగ్గర బస్సు దిగి, భుజం మీద సంచి మోసుకుంటూ రామగిరి దాకా నడిచి వచ్చేవాడు. ఆటోకు పైసలు పెట్టడు. నేను దోస్తులతో "ఇంటి మీద ఆధారపడను" అని పెద్ద మాటలు చెప్పేదాన్ని. ఒకరోజు మా నాయన గేటు దగ్గర నిలబడి అంతా విన్నాడు. ఏమీ అనలేదు. సంచి దించి, తువ్వాలతో మెడ తుడుచుకుని వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఎవరైనా సొంతం అంటే నాకు ఆ సంచే గుర్తొస్తుంది.

తమ్మి: ...ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు.

అక్క: నువ్వు ఎప్పుడూ రైలు ముచ్చటే పెడతావు కదా.

చిన్నోడు: ఇంతకీ జడ్చర్ల తమ్ముడు అడిగింది...

అక్క: చెప్తున్నా. రోజులు బాగున్నంత కాలం ఈ లెక్క నడుస్తుంది. జ్వరం వస్తేనే అసలు లెక్క తేలేది. పోయిన వానాకాలం నీకు టైఫాయిడ్ వచ్చింది కదా, ఏం చేశావు?

తమ్మి: ఊరికి పోయిన. ఇరవై రోజులు. కాంట్రాక్టర్ ఆ రోజుల జీతం కోసేశాడు. ఆ నెల కిరాయి మా బావ కట్టాడు.

అక్క: నీ జీతం నుంచి నెలనెలా ఈఎస్ఐ కోస్తున్నారు. 21,000 లోపు జీతగాళ్లకు జబ్బు చేసి పనికి పోలేకపోతే జీతంలో 70 శాతం ఇస్తారు, ఏడాదిలో 91 రోజుల దాకా. ఆ సెలవుకు ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. దానికి ముందు ఈఎస్ఐ కట్టిన ఆరు నెలల లెక్కలో 78 రోజుల పని ఉండాలి. నీకు ఉంది కదా?

తమ్మి: ఉంది. 70 శాతమా?

అక్క: అవును.

తమ్మి: ఇరవై రోజులకు... ఎవ్వరూ చెప్పలేదే. సూపర్‌వైజర్ కూడా "పోయి రెస్ట్ తీసుకో" అన్నాడంతే.

అక్క: ఈఎస్ఐ నంబర్ అన్నా ఉందా?

తమ్మి: పేస్లిప్ మీద ఏదో పొడుగు నంబర్ ఉంటది. అది ఏందో నేను ఎప్పుడూ చూడలే.

అక్క: అప్పుడు చూపించుకున్నది ఎక్కడ?

తమ్మి: ఊర్ల, ప్రైవేట్‌లో. చీటీ అమ్మ దాచి ఉంటది. బియ్యం డబ్బాలో దాస్తది అన్నీ.

చిన్నోడు: మళ్లీ బియ్యం.

అక్క: ఈ ఆదివారం పోయి తీసుకురా. అది పనికొస్తుందో లేదో డిస్పెన్సరీలో అడుగుదాం. ఇక జడ్చర్ల తమ్ముడూ, కిరాయి జీతంలో పావు వంతు దాటనీయకు, అడ్వాన్స్ ఇచ్చిన రోజే కాగితం మీద రాయించుకో...

తమ్మి: అది కాదక్కా. 15 నెలల నుంచి కడుతున్నా. 135 లెక్కన ఎంతైంది?

అక్క: 2,025. అది పోయిన పైసలు అనుకోకు, అది...

తమ్మి: సీజన్ టికెట్ అన్నా వచ్చేది.

అక్క: ఓరి నీ!

చిన్నోడు: అక్కా, కింద నుంచి ఇంటాయన పిలుస్తున్నాడు. ట్యాంకు నిండి కారుతోందంట.

తమ్మి: మోటరు వేసింది ఎవరు?

చిన్నోడు: నువ్వే. ఫ్యాన్ స్విచ్ అనుకుని...

అక్క: పరుగెత్తు, ముందు అది బంద్ చెయ్యి!